బందరు గాలికి సర్టిఫికెట్

హిదాయతుల్లా ఎనిమిదేళ్ళుగా బందరులో, గిలకలదిండి రోడ్డు పక్కన, పాత వ్యాన్‌లో కూర్చుని బళ్ళకు పొల్యూషన్ సర్టిఫికెట్లు ఇస్తున్నాడు. ఆయన చేతిమీద ఒక్క బండీ ఫెయిలవలేదు. అంతటి రికార్డు ఊళ్ళో ఏ ట్యూషన్ మాస్టారికీ లేదు.

పని సులువే. మిషన్ గొట్టాన్ని బండి పొగగొట్టంలో పెట్టాలి. పెడితే మసి అంటుతుంది, తుడుచుకోవాలి. పైగా బండి ఫెయిలైతే ఆ మనిషి మళ్ళీ ఈ వైపు రాడు. అందుకని ఆయన గొట్టాన్ని జానెడు దూరంలో పట్టుకుని, నంబరు ప్లేటుకు ఫోటో తీసి, కాగితం చేతికిచ్చేవాడు. మిషన్ పీల్చేది సముద్రం మీదనుంచి వచ్చే గాలి. అది ఎప్పుడూ పాసే. చేపల వ్యాన్ల వాళ్ళయితే ఐసు కరిగిపోతుందని ఇంజనైనా ఆపకుండా కాగితం అందుకుని వెళ్ళిపోయేవారు. ఇందులో తప్పుందని ఆయనకు ఏనాడూ తోచలేదు. అడిగినవాళ్ళూ లేరు.

ఆయన మనవరాలు తరన్నుమ్‌కు ఏడేళ్ళు. వానలు తగ్గినప్పటినుంచి పిల్లకు ఒకటే ఆయాసం, ఛాతీలో పిల్లికూతలు. ఆయనా, భార్య జాన్‌బీ కలిసి పిల్లను గుడివాడలో డాక్టరమ్మకు చూపించారు.

"ఇంట్లో సిగరెట్లు తాగేవాళ్ళున్నారా?" అడిగింది డాక్టరమ్మ.

"లేరండీ."

"కట్టెల పొయ్యా?"

"గ్యాసేనండీ."

"స్కూలుకెలా వెళ్తుంది?"

"వ్యాన్లోనండీ. దానికి పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా ఉంది. నేనే ఇచ్చాను," అన్నాడు కాస్త గొప్పగా.

డాక్టరమ్మ రాయడం ఆపి తలెత్తింది. "దాని పొగ ఎప్పుడైనా చూశారా?"

"సర్టిఫికెట్ చూశానండీ."

తిరిగొచ్చేటప్పుడు బస్సులో జాన్‌బీ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. పిల్ల ఆయన ఒళ్ళో నిద్రపోయింది. ఛాతీమీద చెయ్యి వేస్తే లోపల గరగరమంటోంది. ఆయనకు భయం వేసింది.

మర్నాడు పొద్దున స్కూల్ వ్యాన్ ఇంటిముందు ఆగింది. అంటే చక్రాలు ఆగాయి, ఇంజను ఆగలేదు. లోపల పదిమంది పిల్లలు. డ్రైవర్ ఏసుబాబు హారన్ కొట్టేలోగా హిదాయతుల్లా ఇంటిపక్కనే నిలిపి ఉన్న తన వ్యాన్‌లో మిషన్ ఆన్ చేసి, గొట్టం తీసుకెళ్ళి పొగగొట్టంలో మూరెడు లోపలికి దూర్చాడు.

"మొన్న దసరాకేగా చేశారు బాబాయ్!"

"ఇవాళ మళ్ళీ చేస్తున్నా. యాక్సిలేటర్ తొక్కు."

తొక్కాడు. వెనకున్న తెల్లగోడ కాస్తా నల్లబడింది. మిషన్ కాసేపు తటపటాయించి ఫెయిల్ అని చూపించింది. ఆ మాట ఏ రంగులో వస్తుందో ఆయనకు అంతవరకూ తెలియదు. ఎర్రగా వస్తుంది.

"మీ మిషన్ పాడైనట్టుంది బాబాయ్," అన్నాడు ఏసుబాబు, నిజంగానే జాలిపడుతూ. "అయినా మీరిచ్చిన కాగితానికి ఇంకా నాలుగు నెలలు టైముందిగా." తీసి చూపించాడు. కింద హిదాయతుల్లా సంతకం చక్కగా ఉంది.

హిదాయతుల్లా మనవరాలి స్కూలు సంచీ భుజాన వేసుకున్నాడు. "నువ్వు ఎక్కొద్దమ్మా. నేను దింపుతాను."

"మరి లిఖిత సంగతో దాదా?" అంది తరన్నుమ్. వెనక సీట్లోంచి లిఖిత చెయ్యి ఊపుతోంది. "వాళ్ళమ్మ ఈ వ్యాన్ వద్దందంట. మీరు పాస్ చేసిన బండని తెలిశాక ఎక్కించిందంట."

ఆయన చెవులు సిగ్గుతో కాలిపోయాయి. ఆయనే డ్రైవర్ వైపు కిటికీలోంచి చెయ్యి లోపలికి పెట్టి తాళం తిప్పేశాడు. ఇంజను ఆగింది.

"అయ్యో బాబాయ్! బ్యాటరీ వీకు. ఆపితే మళ్ళీ స్టార్టవదు!"

"అందుకే ఆపాను."

తాళం జేబులో వేసుకుని పిల్లల్ని ఒక్కొక్కరినే కిందికి దింపాడు. స్కూలు అక్కడికి కిలోమీటరు. తరన్నుమ్‌ను చంకనెత్తుకుని, మిగతావాళ్ళను రోడ్డు పక్కగా వరసలో నిలబెట్టాడు.

"ఆయాసం వస్తే చెప్పండర్రా, ఆగుదాం," అన్నాడు.

వీధి మలుపు తిరక్కముందే నలుగురు చేతులెత్తారు.