ఒక్కసారే అడిగారు

షెడ్డు పెత్తనం పీరుకు రావాల్సింది. శివాజీకి వెళ్లింది. నాలుగేళ్లయినా అది అన్యాయమే. ఇందులో వాదించడానికేమీ లేదు.

పీరు ఈ మాట రోజూ పొద్దున్నే పని మొదలుపెడుతూ ఒకసారి పైకే అనేవాడు. ఆ రోజూ అన్నాడు. విజయవాడ ఆటోనగర్లో, రేకుల షెడ్డులో, కొత్త లారీ బాడీ కింద వెల్లకిలా పడుకుని బోల్టులు బిగిస్తూ అన్నాడు. పొట్టి మనిషి. ఎడమచేతి చూపుడువేలి గోరు ఎప్పుడో సుత్తి కింద నలిగి, నల్లగా వంకరగా మొలిచింది. తెల్లగడ్డంలో ఇనుపరజను. చొక్కా జేబులో ఎప్పుడూ కాసిని నట్లు ఉండేవి. భార్య జహీదా బతికున్నప్పుడు ఉతికేముందు వాటిని తీసి కిటికీలో పెట్టేది. ఇప్పుడు తీసేవాళ్లు లేరు. బకెట్లో చొక్కాతోపాటు అవీ నానేవి.

పామర్రు పక్క పల్లెలో వాళ్ల నాన్న ఎడ్లబండి చక్రాలకు ఇనుప పట్టాలు వేసేవాడు. లారీలు వచ్చి బళ్లు తగ్గాయి. అయిదో తరగతితో బడి మానేసి పీరు ఆ లారీల దగ్గరికే వచ్చాడు. అప్పట్లో పని నేర్పడమంటూ వేరే ఉండేది కాదు. మేస్త్రీ అడగకముందే కావలసిన పానా చేతికందిస్తే పని వచ్చినట్టు.

శివాజీ అలా కాదు. మైలవరం నుంచి ఐటీఐ పాసై అప్రెంటిస్‌గా వచ్చాడు. అయినా షెడ్డు ఆనవాయితీ తప్పలేదు. కొత్తగా చేరినవాడు మిగిలిపోయిన చెక్కముక్కలతో తన మేస్త్రీకి ఒక స్టూలు చెయ్యాలి. అదే మొదటి పని. శివాజీ చేసిన దానికి ఒక కాలు పొట్టి.

“కూర్చుంటే పడవెక్కినట్టుందిరా,” అన్నాడు పీరు.

“సరిచేస్తా ఇవ్వు బాబాయ్.”

“అక్కర్లేదు. నువ్వేంటో రోజూ గుర్తుండాలి.”

ఆ కుంటి స్టూలు మీదే ఏళ్ల తరబడి కూర్చున్నాడు. పని మొత్తం నేర్పాడు. రంధ్రం ఎక్కడ వెయ్యాలో, చెక్క ఎటు వంగుతుందో, డ్రైవర్లతో ఎలా మాట్లాడాలో.

తర్వాత ఓనరు సంజీవరావు గారికి ఏ ఫ్యాక్టరీలోనో చూసిన పద్ధతి నచ్చింది. మేస్త్రీ పేరు తీసేసి, టీమ్ లీడర్ అని పెట్టారు. దానికో పసుపు హెల్మెట్ కూడా కొన్నారు. నేరుగా పీరు దగ్గరికే వచ్చారు.

“పీరూ, టీమ్ లీడర్‌గా ఉంటావా?”

“నాకెందుకులెండి. కుర్రాళ్లెవరైనా చూసుకుంటారు.”

ఆ మాటకు అర్థం కృష్ణా జిల్లాలో చంటిపిల్లలకు కూడా తెలుసు. ఎవరైనా ఏదైనా ఇస్తామంటే మొదట వద్దనాలి. వాళ్లు మళ్లీ అడగాలి. అప్పుడు కాదనలేక పుచ్చుకోవాలి. సంజీవరావు గారు మళ్లీ అడగలేదు. పక్కకు తిరిగి శివాజీని అడిగారు. శివాజీ ఒక్క క్షణం కూడా ఆగకుండా అలాగేనండీ అన్నాడు.

జహీదా పోయిన ఏడాదికి జరిగిందిది. ఆమె ప్రతిదీ రెండుసార్లు అడిగేది. ఇంకొంచెం అన్నం పెట్టనా అంటే పీరు వద్దనేవాడు. కొంచెమేలే అంటే కంచం ముందుకు జరిగేది. ఆమె వెళ్లిపోయాక ఏదీ రెండోసారి అడిగేవాళ్లు లేరు.

ఆ రోజు నుంచి పీరు శివాజీతో మాట్లాడలేదు. స్టూలును మూలకు తోసి పాత టైరు మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. పని మాత్రం ఆగలేదు. టీ తెచ్చే రత్తమ్మ ద్వారా నడిచేది.

“రత్తమ్మా, టీమ్ లీడర్ గారికి చెప్పు. వెనక డోరు కిందికి దిగింది,” అన్నాడు పీరు ఆ పొద్దున కూడా లారీ కిందనుంచి. శివాజీ పక్కనే, రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు.

“రత్తమ్మా, బాబాయ్‌కి చెప్పు. చూశాను, ఎత్తిస్తున్నాను.”

“నన్నేమైనా ఎస్‌టీడీ బూత్ అనుకున్నారా?” అంది రత్తమ్మ కెటిల్ దించుతూ. “నేను రాని రోజు ఏం చేస్తారో అదీ తెలుసు నాకు. ఇద్దరూ లారీకి చెప్పుకుంటారంటగా.”

పెయింటరు నాసిర్ నవ్వి బ్రష్షు కింద పడేసుకున్నాడు.

ఆ రోజు శివాజీకి అక్కడ ఆఖరు రోజు. మంగళగిరి దగ్గర బస్సు బాడీల కోసం ఓనరు కొత్త షెడ్డు వేశారు. దాన్ని శివాజీ చూసుకోవాలి. ఇక్కడ పెత్తనం మళ్లీ ఖాళీ. పీరు కాదంటే హైదరాబాద్ నుంచి ఒకతను రావడానికి సిద్ధంగా ఉన్నాడు. మూడోసారి ఆ కుర్చీ ఖాళీ అయ్యేదాకా పీరు వయసు ఆగదు.

రత్తమ్మ లారీ పక్కన చతికిలబడి గొంతు తగ్గించింది. “సాయిబూ, సాయంత్రం ఓనరు గారొస్తారు. అడగ్గానే సరే అను.”

“అడగనీ చూద్దాం.”

“చూసేదేముంది? బుర్ర ఊపినా చాలు. టీ పొయ్యనా?”

“వద్దులే.”

ఆమె టక్కున లేచి కెటిల్ తీసుకుని నాసిర్ దగ్గరికి వెళ్లిపోయింది. పీరు మెడ చాపి ఆ కెటిల్ వెళ్లిన వైపే చూస్తూ ఉండిపోయాడు.

“అదీ నీ సంగతి,” అంది ఆమె అటునుంచే. “ఇవాళ నీకు టీ లేదు. బుద్ధొస్తుంది.”

మధ్యాహ్నమంతా పీరు సుత్తి దెబ్బ దెబ్బకీ సరే, సరే అని అనుకుంటూనే ఉన్నాడు. నాసిర్ విని, “ఎవరితో సాయిబూ?” అన్నాడు.

సాయంత్రానికి బాడీ పూర్తయింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. సంజీవరావు గారు సెల్‌ఫోన్ చేత్తో పట్టుకునే వచ్చారు. డోరు తీసి చూశారు. మూసి చూశారు.

“పీరూ, రేపట్నుంచి షెడ్డు నువ్వు చూసుకుంటావా?”

ఎక్కడి సుత్తులు అక్కడ ఆగాయి. సరే అన్న మాట పీరు నాలుక చివరికి వచ్చింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి వస్తున్న అలవాటు దాన్ని వెనక్కి తోసేసింది.

“ఈ వయసులో నాకెందుకులెండి.”

“సరే, నీ ఇష్టం,” అన్నారు సంజీవరావు గారు. ఫోన్ వైపు చూసుకుంటూ తిరిగారు. రత్తమ్మ నుదురు కొట్టుకుంది.

“సార్, ఇంకోసారి అడగండి.”

శివాజీ గొంతు అది. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ లారీ వెనకనుంచి వచ్చాడు.

“వద్దన్నాడు కదయ్యా.”

“అది మొదటిసారి వద్దనడం సార్. దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. పెళ్లి పంక్తిలో వద్దన్నవాళ్ల విస్తరి దాటి వెళ్లిపోతామా?”

సంజీవరావు గారు పీరు మొహంలోకి చూశారు. మెల్లిగా నవ్వొచ్చింది ఆయనకి. “ఏమయ్యా పీరూ, నిన్నే మళ్లీ అడుగుతున్నాను. షెడ్డు చూసుకుంటావా?”

“మీరింతగా అడుగుతుంటే కాదంటే బాగుండదు,” అన్నాడు పీరు.

షెడ్డంతా గొల్లున నవ్వింది. లారీ నిమ్మకాయల మీదుగా కదిలి రోడ్డెక్కింది. శివాజీ పసుపు హెల్మెట్ తీసి పీరు పక్కన టైరు మీద పెట్టి, సంచీ భుజాన వేసుకున్నాడు.

“వెళ్లొస్తా బాబాయ్.”

పీరు గడ్డం గోక్కున్నాడు. “రత్తమ్మా, టీ తాగి వెళ్లమను.”

“వద్దులే బాబాయ్. బస్సు పోతుంది.”

పీరు లేచాడు. మూలకు వెళ్లి, దుమ్ము కొట్టుకుపోయిన స్టూలును కాలితో ఇవతలికి లాగాడు. చొక్కా చేత్తో తుడిచాడు. ఈసారి రత్తమ్మ వైపు చూడలేదు.

“తాగి వెళ్లరా.”

శివాజీ స్టూలు మీద కూర్చున్నాడు. అది ఒక పక్కకు ఒరిగింది. టీ ఊదుకుంటూ, తొందర లేకుండా, అడుగు కనబడేదాకా తాగాడు. తర్వాత లేచి, గ్లాసు స్టూలు మీద పెట్టి వెళ్లాడు. గేటు దాటాక వెనక్కి చూశాడు. పీరు అప్పటికే లోపల పానాలు సర్దుతున్నాడు.

“హమ్మయ్య,” అంది రత్తమ్మ. “నాలుగేళ్ల కోపం పోయింది.”

“ఎవరన్నారు పోయిందని? ఆ రోజు ఒక్కసారే అడిగారు. అది తప్పే.”

“ఇంకా అదేనా?”

“అదే. ఇదే ఆఖరు చెప్పడం. ఇక ఆ ఊసు నా దగ్గర ఎత్తకు. నేనూ ఎత్తను.”

అన్నట్టే మర్నాటి నుంచి ఎత్తలేదు. ఆ సాయంత్రం రత్తమ్మ గ్లాసులు ఏరుకుంటూ స్టూలు దాకా వచ్చింది. పీరు తల అడ్డంగా ఊపాడు. ఆమె ఆ ఒక్కటీ వదిలేసి వెళ్లింది. కుంటి స్టూలు మీద, పొట్టి కాలు వైపు కొంచెం ఒరిగి, అడుగున టీ మరక ఆరుతున్న గాజు గ్లాసు.