జంట మాటల టీచరు

షియా యుంగ్‌ఛిన్ నల్లబల్లకు అడ్డంగా కట్టిన దారానికి ఇంగ్లీషు మాటల అట్టముక్కలు క్లిప్పులతో తగిలిస్తోంది. ‘టేక్’, ‘హెవీ’, ‘డూ’. ప్రతిదాని పక్కనా దాని జంట మాటకు ఒక ఖాళీ. మునివేళ్ల మీద లేచినప్పుడు ఎడమ మోకాలు కలుక్కుమంది.

“‘మెడిసిన్’ పక్కన ‘టేక్’ ఏమిటి? మందు తింటాం కదా టీచర్? మా తాత రోజుకు మూడుసార్లు తింటాడు,” అన్నాడు వెనక బెంచీ బోహాన్.

“మన భాషలో తింటాడురా. ఇంగ్లీషులో తీసుకుంటాడు. ఏ మాట ఏ మాట పక్కన కూర్చుంటుందో దాని అలవాటు.”

“మరి మీ పక్కన ఎవరు కూర్చుంటారు టీచర్?”

క్లాసు గొల్లుమంది.

“నీ పక్కనా ఎవరూ కూర్చోరు గానీ, ముందు ఆ సాక్సులు ఉతుక్కో.”

నవ్వుతూనే చెప్పింది. నలభయ్యారేళ్ల ఆ మనిషి రాత్రి భోజనం రేడియో ముందు చేస్తుంది.

పంతొమ్మిదేళ్లుగా ఏడాది ఒప్పందం మీద పదకొండు బడులు తిరిగింది. ఏ క్లాసునూ ఏడు నుంచి తొమ్మిది దాకా నడిపించలేదు. ఈ బుడై ఊరి పిల్లలను మాత్రం వదలలేక, ఇంకో రెండేళ్లు ఉంచమని మొదటిసారి నోరు తెరిచి అడిగింది. ఈ రోజు ఏడాదికి చివరి పాఠం. జవాబు ఇంకా రాలేదు.

అన్నం, సోయాలో ఉడికించిన గుడ్లు క్లాసులోనే తిన్నాక, రోజూలాగే మధ్యాహ్నపు కునుకు కోసం దీపాలు ఆర్పారు. ఇరవైముగ్గురూ బల్లల మీద తలలు వాల్చి నిద్రపోయారు. అప్పుడొచ్చాడు పాఠాల వ్యవహారాలు చూసే చియు సారు. గుమ్మం దగ్గరే వంగి గుసగుసగా చెప్పాడు.

“తైనాన్ నుంచి మీ చోటికి పర్మనెంటు టీచరు బదిలీ మీద వస్తోందమ్మా. నేను చెప్పి చూశాను...”

“మెల్లగా సార్. పిల్లలు లేస్తారు.”

ఆయన వెళ్లాక, కాపలా కూర్చోవలసిన మనిషి మొదటిసారి తానూ బల్ల మీద తల వాల్చింది.

గంట కూడా వినబడలేదు. కళ్లు తెరిస్తే గడియారంలో ఒకటిన్నర. గదిలో చప్పుడు లేదు. పిల్లలు బూట్లు విప్పి, సాక్సులతో నడుస్తూ అట్టముక్కలు తగిలిస్తున్నారు. క్లాసు లీడరు కేషిన్ పెదాల మీద వేలు పెట్టుకుని నిలబడి ఉంది. బోహాన్ సాక్సుల వాసన గదంతా నిండింది.

“లేపొచ్చు కదర్రా?”

“అలిసిపోయారని టీచర్,” అంది కేషిన్.

“ఎనిమిదో క్లాసులో రోజూ పడుకోండి,” అన్నాడు బోహాన్. “మేం కాపలా ఉంటాం.”

ఆమె దారం వైపు తిరిగింది. ఒక్క జంటే తప్పు. ‘హోంవర్క్’ తీసి ‘డూ’ పక్కన పెట్టడానికి చాలాసేపు పట్టింది.

“సరే,” అంది.

నాలుగున్నరకు పిల్లల సైకిళ్లన్నీ ఆల్చిప్పలు ఒలిచే షెడ్ల వైపు వెళ్లిపోయాయి. స్టాఫ్ రూములో సొరుగు ఖాళీ చేసింది. గుడ్డసంచీ సగం కూడా నిండలేదు. నడుముకున్న చిన్న స్పీకరు విప్పింది. గొంతు పోకుండా టీచర్లు కట్టుకునేది. పిల్లలు దాన్ని తేనెటీగ అంటారు. రోజూ చేసినట్టే, రేపటి కోసం, దానికి ఛార్జరు తగిలించింది. బస్సుకు టైమైందని సంచీ తీసుకుని వెళ్లిపోయింది.

ఖాళీ బల్ల మీద స్పీకరు ఎర్రటి చుక్క చాలాసేపు వెలిగింది. తర్వాత, ఛార్జి నిండి, పచ్చగా మారింది.