మెట్ల మీద అరగంట

ఇరవై రెండు మెట్లు, మలుపు, మళ్లీ ఇరవై రెండు. దిగినప్పుడల్లా లెక్కపెట్టుకుంటాడు. భుజాన మంచుపెట్టె, అందులో నెత్తుటి గొట్టాలు. పరుగెత్తేటప్పుడు డొక్కలో పొడవకుండా పట్టీకి రెండు ముళ్లు వేసి పొట్టి చేసుకున్నాడు. వార్డు నుంచి ల్యాబుకి, ల్యాబు నుంచి వార్డుకి, పందొమ్మిదేళ్లుగా అదే పని. ఆస్పత్రిలో అందరికీ ఐసు బాబాయ్. అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఎవరికీ అక్కర్లేదు.

కాలు ఒకచోట నిలవదు. కూర్చుంటే మోకాలు ఆడిస్తాడు, ముద్ద ముద్దకీ గడియారం చూస్తాడు. పొద్దున భార్య అడిగింది.

"మాత్ర వేసుకున్నావా?"

"వేసుకున్నాలేవే, పోలీసులా అడక్కు."

సగమే వేసుకున్నాడు. మిగతా సగం చొక్కా జేబులో ఉంది. మొత్తం మింగితే కాళ్లు మొద్దుబారతాయి. మొద్దుకాళ్లవాణ్ణి ఈ పనిలో ఎవడుంచుకుంటాడు? ఏడాదికో రెండేళ్లకో వచ్చే మూర్ఛ సంగతి ఆవిడకి తప్ప పురుగుకి కూడా తెలియదు.

పదకొండింటికి నర్సు కేకేసింది. ఏడో మంచం మీద వెల్డరు. తెల్లారుజామున ఫిట్స్ వచ్చి పడ్డాడు. నెత్తుట్లో అమ్మోనియా ఎక్కువుంది, లివరు చెడిందేమో, తాగుతాడేమో అన్నాడు డాక్టరు.

"మావాడు చుక్క ముట్టడయ్యా. ఒక్కరూ నమ్మరేం?" అని తల్లి అందర్నీ వదిలేసి ఇతని చెయ్యి పట్టుకుంది.

"ఫిట్స్ వస్తే అది పెరుగుతుందమ్మా, కొన్ని గంటల్లో దిగుతుంది" అంది నర్సు. "ఇప్పుడు దిగితే గొడవే లేదు. దిగకపోతే లివరు వార్డుకే. బాబాయ్, మంచు కరగనీకు. ఆలస్యమైతే గొట్టంలోనే అంకె పెరిగిపోతుంది."

"నాకా చెప్తున్నావు? నువ్వు గౌనులేసుకున్నప్పటి నుంచీ మోస్తున్నా."

గొట్టం మంచులో పెట్టుకుని దిగుతుంటే, మెట్ల మలుపులో నోట్లో ఇనుప రుచి తగిలింది. ఆ రుచి ఏమిటో అతనికి తెలుసు. గోడ పట్టుకోబోయాడు.

కళ్లు తెరిచేసరికి మంచు మొత్తం మెట్ల మీద నీళ్లయింది. నాలుక కొరుక్కున్నాడు. జేబులో సగం మాత్ర తడిసి పిండైంది. గొట్టం పగల్లేదు గానీ వెచ్చబడింది. అరగంట పోయింది. జనమంతా లిఫ్టులో పోతారు, మెట్ల మీద చచ్చినా చూసేవాడు లేడు.

చూడకపోవడమే మంచిదైంది. మొహం తుడుచుకుని గొట్టం ఇచ్చేస్తే సరి. అంకె పెరుగుతుంది, వెల్డరు తాగుబోతు అవుతాడు. తనకేం పోయింది?

తూలుతూ ల్యాబు కిటికీ దాకా వెళ్లాడు. లోపలి మనిషి చెయ్యి చాపాడు.

"ఇది పనికిరాదు. మళ్లీ తీయించండి. మెట్ల మీద పడ్డాను."

"కాలు జారిందా?"

అవునంటే సరిపోయేది.

"లేదు. ఫిట్స్."

వెల్డరుకి మళ్లీ నెత్తురు తీశారు. ఇతన్ని పక్క మంచం మీద పడుకోబెట్టి ఇతనిదీ తీశారు. రెండు గొట్టాలూ ఒకే మంచులో పెట్టుకుని నర్సే పరుగెత్తింది. "పెట్టె ఊపకు!" అని వెనక నుంచి అరిచాడు.

వెల్డరు అంకె దిగింది. ఇతనిది ఎక్కి కూర్చుంది.

"దిగిపోతుందిలే అన్నయ్యా" అంది వెల్డరు తల్లి, పెద్ద డాక్టరమ్మలా.

సాయంత్రం సూపర్‌వైజరు వచ్చి, ఇంటి దగ్గర రెస్టు తీసుకోమన్నాడు. ఎన్నాళ్లని ఇతను అడగలేదు, ఆయనా చెప్పలేదు. భార్య వచ్చి తీసుకెళ్లింది. అప్పుడు కూడా గేటు దాకా ఆమెకి నాలుగడుగులు ముందే నడిచాడు.

ఇప్పుడు మోసేవాడు పొడుగు మనిషి. పెట్టె అతని చంకలోకి వస్తుంది. పట్టీ ముళ్లు విప్పాలని గోళ్లతో, పళ్లతో, చివరికి స్క్రూడ్రైవరుతో చూశాడు. చెమటా మంచునీళ్లూ ఇంకీ ఇంకీ, రెండు ముళ్లూ రాళ్లలా బిగుసుకుపోయి ఉన్నాయి.