మిషనుకు నేర్పిన మాటలు

రవీంద్ర దినాలు అయిన మర్నాడు లింబాయత్‌లోని సాంచెల షెడ్డు తాళం తీశారు. పద్మారాణి బట్ట నేసే సాంచెల వైపు చూడకుండా నేరుగా మూలనున్న కంప్యూటరు దగ్గరికి వెళ్ళింది.

చీర అంచుల డిజైన్లు సాంచెకు అందించేది అదే. దాన్ని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎక్కడో ఎవరో ఫోర్త్ అనే కంప్యూటరు భాషలో మొదలుపెట్టి సగంలో వదిలేశారు. ఆమె భర్త రవీంద్ర దాన్ని తెచ్చుకుని ఏళ్ళ తరబడి పూర్తి చేసుకున్నాడు. ఆ భాషలో మిషనుకు ఒక్కో మాటా నేర్పుతూ పోవాలి. నేర్పినప్పుడల్లా అది "ఓకే" అంటుంది.

"నీకన్న బుద్ధిగ వింటది," అనేవాడు.

"దానికి వంట చెప్పి చూడు," అనేది ఆమె.

ఈ వానాకాలం డిస్కు పాడైంది. పాతవి చదువుతుంది, కొత్తవి దాచుకోదు; కొత్తగా నేర్పినవి కరెంటు ఉన్నంతసేపే మిషనుకు గుర్తుంటాయి. మంచి డిస్కు దొరికేదాకా కరెంటు పోనివ్వొద్దని రవీంద్ర ఆమెకొక్కతికే చెప్పి, బ్యాటరీ తగిలించాడు. డిస్కు దొరకకముందే అతని గుండె ఆగింది. ఆ రోజు పద్మారాణికి కంప్యూటరు గుర్తే రాలేదు.

ఇంట్లో పీనుగ ఉండగా సాంచె చప్పుడు వినపడకూడదు. రవీంద్ర అన్న సోమలింగం షెడ్డు మెయిన్ స్విచ్ ఆపేశాడు. ఇదంతా పద్మారాణికి తర్వాత తెలిసింది.

మెకానిక్ దేవదాస్ కంప్యూటరు ఆన్ చేశాడు. తెర వెలిగింది. ఆమె పాత నెమలి అంచు పేరు కొట్టింది. ఓకే. తర్వాత బిడ్డ పేరు కొట్టింది: రుచిత. బిడ్డ ఓణీకని అతను చివరిగా నేర్పిన అంచు అది.

ప్రశ్నార్థకం వచ్చింది.

మళ్ళీ కొట్టింది. మళ్ళీ అదే.

"దానికి తెల్వదంటది వదినా," అన్నాడు దేవదాస్ మెల్లగా. "ఈ భాష అన్నకు తప్ప ఇంకెవరికొస్తది? నాకైతే ఒక్క ముక్క రాదు."

వెనక నిలబడ్డ సోమలింగం గొంతు సవరించుకున్నాడు. "మెయిన్ ఆపినంక ఆ బ్యాటరీ ఒకటే కుయ్ కుయ్‌మన్నది పద్మా. తమ్ముడు లోపల పండుకొని ఉండంగ గా సప్పుడేందని వైరు పీకేసిన. దానివల్ల ఏమన్న అయిందా?"

దేవదాస్ నోరు తెరిచాడు. పద్మారాణి అతని వైపు ఒక్కచూపు చూసింది. అతను స్క్రూడ్రైవరు వెతుక్కోసాగాడు.

"లేదు బావా. డిస్కు ఆయనుండంగనే ఖరాబైంది. ఈ కంప్యూటరు తీసేసి కొత్త బోర్డు పెట్టియ్యున్రి."

"భయపడి సచ్చిన బిడ్డా," అన్నాడు సోమలింగం. తువాలుతో మొహం తుడుచుకుని సాంచె దగ్గరికి నడిచాడు. కాసేపటికి దాని చప్పుడుకు గోడలు అదిరాయి.

"తీసెయ్యాల్నా వదినా?" దేవదాస్ గట్టిగా అడిగాడు.

"జర ఆగు."

ఆమె ఇంకోసారి బిడ్డ పేరు కొట్టింది, నెమ్మదిగా, ఒక్కో అక్షరం చూసుకుంటూ. ప్రశ్నార్థకం పక్కన మినుకుమంటున్న గీతను కొంతసేపు చూసి, స్విచ్ తానే ఆపింది.