వెనక సీటు బరువు

ఎనభై మూడులో, వానలు ఇంకా వదలని రోజుల్లో, ఆదోని పత్తి మార్కెట్టులో ఎవరి నోట విన్నా నా మాటే. మస్తాన్ వలికి మతి పోయిందట. ఏభై దాటిన దళారి, పిల్లా జెల్లా లేరు, పెళ్లాం పోయి రెండేళ్లు కాలేదు, ఎమ్మిగనూరులో ఎవరో పందేల కారులాంటిది అమ్ముతుంటే కొనడానికి తయారయ్యాడట. వాళ్లన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. అయినా నాకు ఒళ్లు మండింది. ఎంతకు కొంటున్నావని అడిగినవాళ్లే గానీ ఎందుకు కొంటున్నావని ఒక్కడూ అడగలేదు.

అడిగితే చెప్పేవాణ్ణో లేదో కూడా తెలియదు. ఇప్పుడు చెప్తాను.

నాకొక అంబాసిడర్ ఉండేది. పెద్దకడుబూరు, కౌతాళం వైపు పల్లెల్లో పత్తి చూడటానికి అందులోనే పోయేవాణ్ణి. నా భార్య జమ్రుద్‌బీ ఎప్పుడూ నాతోనే వచ్చేది. పిల్లలు లేని ఇంట్లో గోడలు చూస్తూ ఒక్కతే ఏం కూర్చుంటుంది? ఆమె పుట్టిల్లు కౌతాళం. పుట్టింటి వంకతో మొదలైన ప్రయాణం కొన్నాళ్లకు ఏ వంకా అక్కర్లేకుండానే సాగింది. వెనక సీటు ఆమెది. కిటికీలకు ఆకుపచ్చ తెరలు తనే కుట్టి కట్టింది. మా ఇళ్లలో ఆడవాళ్లు ముందు సీట్లో కూర్చోవడమనేది అప్పట్లో లేదు. మేమిద్దరం దాని గురించి ఎన్నడూ ఆలోచించనూ లేదు. స్టీరింగు పైన అద్దం ఉంది కదా. మెకానిక్ గౌస్ బండి బాగుచేసిన ప్రతిసారీ ఆ అద్దాన్ని వెనక రోడ్డు కనిపించేట్టు సరిచేసేవాడు. వాడి షెడ్డు దాటగానే నేను మళ్లీ వంచుకునేవాణ్ణి. దాటేసి వచ్చిన రోడ్డుతో నాకేం పని? ఆమె ముఖం కనిపిస్తే చాలు. మా మాటలూ పోట్లాటలూ అన్నీ ఆ అద్దంలోనే.

మాది నల్లరేగడి. వాన పడితే మట్టిరోడ్లు మనిషి చెప్పులనే వదలవు, కారునేం వదులుతాయి? పైగా అంబాసిడర్‌ను నడిపేవి వెనక చక్రాలు. వెనక బరువు లేకపోతే అవి ఉన్నచోటే గిర్రున తిరిగి బురద చిమ్ముతాయి. అందుకే కారు దిగబడితే నలుగురు తోస్తారు, ఇద్దరు డిక్కీ మీదెక్కి కూర్చుంటారు. అంతమంది మగవాళ్ల మధ్య జమ్రుద్ దిగేది కాదు. మొదటిసారి మాత్రం తెర కొంచెం పక్కకు జరిపి, "నేనూ దిగితే బండి తేలికైతాది కదా" అంది.

"దిగొద్దు. నువ్వు కూర్చుంటేనే బండి కదుల్తాది" అన్నాను.

నిజంగానే కదిలింది. బయటపడ్డాక అద్దంలోకి చూసి, "సూసినావా జమ్రుద్, నీ బరువే బరువు" అన్నాను. మనిషి కాస్త బొద్దుగా ఉండేది. ఆరోజు ఇల్లు చేరేదాకా మాట్లాడలేదు. తర్వాత తర్వాత నవ్వడం నేర్చుకుంది. కొన్నేళ్లకు బండి బురదలోంచి లేవగానే నేను అనకముందే తనే "సూసినావా" అనేది.

ఆమె కామెర్లతో పోయింది. ఆ తర్వాత వచ్చిన మొదటి వానకే బండి దిగబడి, పొద్దు గూకేదాకా ఒక్కడినే బురదలో నిలబడ్డాను. గౌస్ ఉపాయం చెప్పాడు. వెనక సీట్లో పత్తిగింజల బస్తా వేసుకోమన్నాడు. వేసుకున్నాను, బండి కదిలింది. కానీ అద్దంలో బస్తా కనిపించేది. అద్దం సరిచేసుకోవచ్చు కదా అంటారు. చెయ్యి రాలేదు. ఆమె కూర్చున్న చోట గోనెసంచిని చూసుకుంటూ పల్లెలన్నీ తిరగడం ఎలాంటిదో నా పగవాడికి కూడా తెలియకూడదు. ఇంట్లో ఉంటే ఇల్లు, రోడ్డెక్కితే బస్తా. ఎటూ ఊపిరాడేది కాదు.

అలాంటప్పుడు గౌస్ ఆ కారు కబురు తెచ్చాడు.

"అన్నా, ఎమ్మిగనూరులో మధుసూదనరావు సారు కారు అమ్ముతాండాడు. స్వీడన్ దేశంది. అది కారు కాదన్నా, గుర్రం! ఇంజను ముందు సక్రాలనే తిప్పుతాది. మన అంబాసిడర్‌ను ఎనక సక్రాలు తోస్తాయి, దాన్ని ముందువే ఈడ్సుకుపోతాయి. ఎంత బురదున్నా లెక్కలేదు. ఎనకాల మనిషి ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే."

వాడికి ఆ ఇంజను మీద చెయ్యి వేయాలన్న ఆశ. నన్ను కొనిపిస్తే అది రోజూ వాడి షెడ్డులోనే ఉంటుంది. ఆ సంగతి నాకు తెలుసు. అయినా చివరి మాట నా లోపలికి దిగిపోయింది. వెనక ఎవరూ అక్కర్లేని కారు. నాకు కావలసింది గుర్రం కాదు, ఆ వెనక సీటు నుంచి విడుదల. అంబాసిడర్‌ను మార్పిడిలో ఇచ్చేయాలని, మిగిలింది రొక్కంగా కట్టాలని రాత్రికి రాత్రే తీర్మానించుకున్నాను.

ఆ కబురు గౌస్ నోట మార్కెట్టంతా పాకింది. వారం గడిచి వాన తెరిపిచ్చాక నేనూ గౌసూ ఎమ్మిగనూరు పోయాం. బస్తా కూడా వచ్చింది.

మధుసూదనరావు కాలువల ఇంజనీరు. ఏళ్ల తరబడి ఆఫ్రికాలో పనిచేసి, రిటైరై సొంతూరు వస్తూ ఆ కారును ఓడలో వెంట తెచ్చుకున్నాడు. ఇప్పుడు కళ్లు మసకబారాయి, ఇక బండి తోలకూడదని డాక్టరు చెప్పాడట. పెద్దకడుబూరు పోయే మట్టిరోడ్డు మొదట్లో ఆయన ఇల్లు. ముందు ఒక రేకుల షెడ్డు, అందులో చింతపిక్క రంగు కారు. పొట్టిగా, నేలకు కరుచుకుని ఉంది. గౌస్ దాని ముందు మసీదులో నిలబడ్డంత భక్తిగా నిలబడ్డాడు.

రావుగారు బానెట్టు తడుముతూ ఒక్కొక్కటీ చెప్పాడు. కంటితో కాదు, వేళ్లతోనే చూస్తున్నాడు. పెట్రోలు తాగడంలో దీనికి సిగ్గు లేదన్నాడు. ఏదైనా విరిగితే సామాను ఈ దేశంలో దొరకదని కూడా తనే చెప్పాడు. అమ్మేవాడు అలా మాట్లాడటం మా మార్కెట్టులో నేను ఎన్నడూ వినలేదు.

"ఒక్కటి గుర్తు పెట్టుకోండి వలీ సాబ్. దీనికి బరువు ముందుండల్ల. అందుకే మా రుక్మాబాయిని ఎప్పుడూ నా పక్కనే కూర్చోబెట్టుకుంటాను. ఆమె లేకపోతే మలుపులో ఈ కారు నా మాట వినదు."

కాఫీ గ్లాసులతో వస్తున్న రుక్మాబాయి ఆ మాట విని నిలబడింది.

"సూడండప్పా, ఆఫ్రికాలో మొదలుపెట్టిన మాట ఇది. బియ్యం మూట మాదిరి నన్ను వేసుకొని తిరిగినాడు" అంది. అంటూనే నవ్వింది.

గౌస్ కూడా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ ఛలోక్తి ప్రపంచంలో నాకూ జమ్రుద్‌కూ మాత్రమే సొంతమని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఇక్కడ ఇంకొకాయన అదే మాట తన భార్యతో అంటున్నాడు, అదీ పక్కన కూర్చోబెట్టుకుని. నాకు అసూయ కలిగింది. కళ్లు సరిగా కనిపించని ముసలాయన మీద అసూయ!

తోలి చూస్తానన్నాను. గౌస్ అప్పటికే తలుపు తీసి ఎక్కి కూర్చున్నాడు. ఒక్కడినే పోతానని వాణ్ణి దింపేశాను. వాడి ముఖం మాడిపోయింది.

ఊరు దాటేదాకా మెల్లగా పోయాను. గట్టినేల వచ్చాక కాలితో కొంచెం నొక్కాను. అంతే, ఎవరో భుజాలు పట్టుకుని సీటుకు అదిమినట్టయింది. ముళ్లచెట్లు వెనక్కి పరిగెత్తాయి. మీటరులో ముల్లు నూరు దాటింది. నేను బిగ్గరగా అరిచాను, నవ్వాను కూడా. ఎన్నాళ్లకు నవ్వానో. ఆ కాసేపు నాకు ఇల్లు లేదు, బస్తా లేదు, పోయినవాళ్లు లేరు.

తర్వాత రోడ్డు వంక దాటే చోట, వాగు నీళ్లు పారే దగ్గర, బురద వచ్చింది. అది నాకు బాగా తెలిసిన బురద. మా అంబాసిడర్ ఆ చోట దిగబడని వానకాలం లేదు. చేతులు బిగపట్టుకుని ఎదురుచూశాను. కారు ముక్కు ఇటూ అటూ ఒకసారి ఆడించి, బురదను చీల్చుకుంటూ గట్టెక్కింది. ఎవరూ తోయలేదు, ఎవరూ వెనక కూర్చోలేదు.

"సూసినావా జమ్రుద్" అన్నాను.

నోరు అలవాటుగా అనేసింది. కళ్లు అలవాటుగా అద్దంలోకి పోయాయి. ఆ అద్దం ఎలా ఉండాలో అలాగే ఉంది. అందులో రోడ్డుంది, బురదలో నా చక్రాల జాడలున్నాయి. అద్దం చేయవలసిన పని అదే. బస్తా లేదు. నేను కోరుకున్నది సరిగ్గా ఇదే కదా! కారు ఆపి పక్క సీటు వైపు చూశాను. రుక్మాబాయి కూర్చునే సీటు. అక్కడ జమ్రుద్‌ను ఊహించుకుందామని చూశాను. రాలేదు. నా పక్కన కూర్చుంటే ఆమె ఎలా ఉంటుందో, తల ఎటు తిప్పుతుందో, చేతులు ఎక్కడ పెట్టుకుంటుందో నాకు తెలియదు. నా కారులో ఆమె ఎప్పుడూ పక్కన కూర్చోలేదు. ఈ కారులో ఆమె ఎక్కడా లేదు. వెనక సీటు బాధ తప్పించుకుందామని వచ్చి, ఆమెనే రోడ్డు మీద దింపేసి పోతున్నానని అర్థమయింది. స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చాను. ఆమె పోయిన రోజు కూడా అంత ఏడవలేదు.

తిరిగి వచ్చేసరికి రావుగారు షెడ్డు ముందే నిలబడి ఉన్నాడు. శబ్దాన్ని బట్టి ఇంజను ఎలా ఉందో వింటున్నాడు.

"ఏమప్పా, ఎట్లుంది?"

"నేనింతవరకూ ఇట్లాంటి బండి తోలలేదు సార్. ఏ లోపమూ లేదు. నాకే కుదరదు."

గౌస్ నోరు తెరిచాడు. రావుగారు ఎందుకని అడగలేదు. నా గొంతులో ఏం వినిపించిందో మరి. "సరే, ఇంకెవరన్నా వస్తారులే" అని బానెట్టు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

ఇంటి పక్కన ఆవు కట్టేసి ఉంది. నేను అంబాసిడర్ వెనక తలుపు తెరిచి, పత్తిగింజల బస్తాను దించి, "ఆవుకు వెయ్యండమ్మా" అని రుక్మాబాయి ముందు పెట్టాను. ఆమె వద్దంటూనే తీసుకుంది. తర్వాత గొంతు తగ్గించి, "అమ్ముడుపోకపోవడమే మేలైందప్పా" అంది. "ఆయన తోలలేడు గానీ, సాయంత్రమైతే మేమిద్దరం ఆ షెడ్డులోనే, కారులో కూర్చుంటాం. యాడికీ పోము. ఊరికే కూర్చుంటాం."

నాకు తోలే ఓపిక లేదు. తాళంచెవులు గౌస్ చేతికిచ్చాను. పెద్దకడుబూరులో ఒక రైతు పత్తి చూడాల్సి ఉంది, అటునుంచే పోదామన్నాను.

"ముందుకు రా అన్నా" అన్నాడు వాడు.

"లేదు. ఎనకాలే కూర్చుంటా."

ఆ అంబాసిడర్ కొన్నాక ఒక్కసారి కూడా ఆ సీట్లో నేను కూర్చోలేదు. ఆకుపచ్చ తెర పట్టుకుంటే అంచు కుట్లు వేలికి తగిలాయి. గౌస్ అద్దం మీదికి చెయ్యి చాపాడు. ముట్టుకోవద్దని కసిరాను. వాడు గొణుక్కుంటూ బండి తీశాడు. దారి పొడుగునా ఆ స్వీడన్ కారు గురించి, నా బుద్ధి గురించి వాడి సొద వాడిది. నేను వినలేదు. నేను అద్దం చూస్తున్నాను. వెనక నుంచి చూస్తే అందులో వాడి ముఖమంతా కనిపిస్తోంది. గుంత వస్తే పెదవి కొరుక్కోవడం, ఎడ్లబండి అడ్డమొస్తే కనుబొమలు ముడవడం, అన్నీ. అంటే ఇన్నేళ్లూ ఆమెకు నా ముఖం ఇలాగే కనిపించింది. నేనే ఆమెను చూస్తున్నానని అనుకున్నాను. ఆమె నన్ను చూస్తూ కూర్చుంది.

వంక దగ్గర అంబాసిడర్ ఎప్పటిలాగే దిగబడింది. చక్రం గిర్రున తిరిగి బురద చిమ్మింది. పొలం నుంచి వస్తున్న ఇద్దరు రైతులు పారలు పక్కన పెట్టి తోయడానికి వచ్చారు. బస్తా లేదని అప్పుడు గుర్తొచ్చి, నేనూ దిగి తోద్దామని తలుపు తీశాను.

గౌస్ వెనక్కి తిరిగి అరిచాడు. "నువ్వు దిగొద్దన్నా! ఎనక బరువుండల్ల. నువ్వు కూర్చుంటేనే బండి కదుల్తాది."

వాడికేమీ తెలియదు. ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. తలుపు మూసి, సీటు మధ్యకు, ఆమె చోటికి జరిగి, బరువంతా వదిలేసి కూర్చున్నాను. తెర సందులోంచి బయట మనుషుల భుజాలు కనిపిస్తున్నాయి, వాళ్ల కేకలు వినిపిస్తున్నాయి. మనకోసం అందరూ బురదలో నిలబడితే మనం ఏమీ చేయకుండా కూర్చోవడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. బండి ఒకసారి ఊగింది, రెండోసారి ఊగింది, మూడోసారికి లేచి గట్టెక్కింది.

గౌస్ అద్దంలోంచి నా వైపు చూసి ఏదో అనబోయాడు. వాడు అనకముందే నేను, "సూసినావా" అన్నాను.

"ఏందన్నా?"

"ఏం లేదు. నువ్వు రోడ్డు సూడు."