విదిలించని పాదరసం

గాజు బీకరులో మంచుముక్కలు సగం కరిగి తేలుతున్నాయి. అటెండరు అందులో థర్మామీటరు ముంచి, కళ్లజోడు నుదుటిమీదికి నెట్టి, పాదరసం సున్నా దగ్గర నిలిచేదాకా చూశాడు. దాన్నే మరిగే నీళ్లలో ముంచాడు. తొంభైతొమ్మిది. ‘ఒకటి తక్కువ’ అని చీటీ రాసి దారంతో కట్టాడు. కాలేజీ ప్రయోగశాలలో ముప్ఫై ఏళ్లుగా రోజూ పొద్దున్నే ఇదే పని. తాను సరిచూడనిదే ఏ గాజుగొట్టాన్నీ నమ్మడు. నత్తనడక మనిషి కనుక పిల్లలు ‘ఎక్స్‌ప్రెస్’ అని పేరు పెట్టారు. ఆయన దానికీ మురిసిపోయేవాడు.

ఆవేళ జేబులో కొత్త థర్మామీటరు ఉంది. భార్యకు మూడు రోజులుగా జ్వరం. నూట మూడు దాటితే వెంటనే ఆసుపత్రికి తెమ్మన్నాడు డాక్టరు. అలవాటుపడిన చెయ్యి దాన్నీ తిన్నగా మరిగే నీళ్లలో ముంచింది. టప్పున పగిలింది.

“అది జ్వరం చూసేది కదయ్యా! మరిగే నీళ్లకి ఆగుతుందా? నీకు తెలీదా?” అన్నాడు కెమిస్ట్రీ మాస్టారు, నవ్వాలో జాలిపడాలో తెలియక.

తెలుసు. నాఫ్తలీన్ ఎనభై దగ్గర కరుగుతుందని, స్పిరిట్ డెబ్భై ఎనిమిది దగ్గర మరుగుతుందని నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

ప్రాక్టికల్ పరీక్షలు ముగిసి బయటపడేసరికి మధ్యాహ్నమైంది. మందుల దుకాణం మూసి ఉంది. ఇంటికెళ్లి భార్య నుదుటిమీద చెయ్యి వేశాడు.

“పెద్దగా లేదే.”

“మీ చేతికి వేడి తెలిసి ఎన్నేళ్లయింది? పొయ్యి మీద గిన్నె గుడ్డ లేకుండా దించేస్తారు” అంది, ఓపిక లేకపోయినా నవ్వుతూ.

మునివేళ్లు పెట్టాడు. చెయ్యి తిప్పి పెట్టాడు. ముప్ఫై ఏళ్లు వేడి కొలిచినవాడికి పెళ్లాం ఒంటి వేడి అందలేదు. భయం వేసింది.

“ఆటో పిలవనా?”

“ఎండ తగ్గనివ్వండి. కాస్త పడుకుంటా.”

ఏం చేయాలో తోచక గుమ్మంలో కూర్చున్నాడు. దుకాణం తెరిచే వేళకు వెళ్లి ఇంకో థర్మామీటరు తెచ్చాడు. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. చప్పుడు కాకుండా చంకలో పెట్టి, గడియారం చూస్తూ మూడు నిమిషాలు ఆగి, తీసి, వెలుతురుకు పట్టాడు. నూట నాలుగు.

“లేవే, ఆసుపత్రికి పోదాం” అన్నాడు.

ఒంట్లో వేడి ఇంకా ఉంది. ఊపిరి లేదు.

మళ్లీ పనిలోకి వెళ్తున్నాడు. మంచులో ముంచుతాడు, మరిగే నీళ్లలో ముంచుతాడు, చీటీలు కడతాడు. జ్వరం థర్మామీటరులో పాదరసం విదిలిస్తే తప్ప కిందికి దిగదు. ఇంట్లో గోడ అలమరలో, ఆమె దువ్వెన పక్కన, అది నూట నాలుగు దగ్గరే ఉంది.