అక్క చేతిరాత

నేను పనిచేసేది విశ్వవిద్యాలయం లైబ్రరీ కింది అంతస్తులో, పాత పత్రాల విభాగంలో. పోయినవాళ్ల ఉత్తరాలు, డైరీలు, సగం రాసి వదిలేసిన పుస్తకాలు, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు వాళ్ల పిల్లలు తెచ్చి మాకు ఇస్తారు. తుప్పు పట్టిన పిన్నులు ఊడదీసి, దుమ్ము దులిపి, వరసలో పెట్టి, అట్టపెట్టెల్లో సర్ది నంబర్లు వేయడం నా పని. ఇరవై రెండేళ్లుగా ఇదే. పై అంతస్తువాళ్లు నన్ను డబ్బాలమ్మ అంటారు. మొహం మీదే అంటారు. నేనూ పలుకుతాను.

ఆవిడ ఒక మంగళవారం పొద్దున వచ్చింది. డెబ్భై దాటిన మనిషి. కుట్టు నేర్పే టీచరుగా రిటైరయ్యానని చెప్పింది. సంచీ, గొడుగు బయట బీరువాలో పెట్టాలని, లోపల పెన్ను వాడకూడదని, పెన్సిలే వాడాలని చెబితే నవ్వింది.

"టీచర్నమ్మా. రూల్సు పెట్టడమూ తెలుసు, పాటించడమూ తెలుసు."

కూర్చున్నాక మెల్లగా అడిగింది. "మానసిక ఆసుపత్రి పెద్ద డాక్టరు గారి కాగితాలు మీ దగ్గరకొచ్చాయట కదా. పేపర్లో చూశాను. అందులో మా తమ్ముడి ఫైలు ఉందేమో చూడాలి. వాడు ఎప్పుడు పోయాడో ఆ తేదీ తెలిస్తే చాలు."

తమ్ముడి పేరు చెప్పింది.

ఆ ఫైలు నాకు తెలుసు. ఆరు నెలల కిందట దాని పిన్నులు తీసింది నేనే. చదవకపోతే ఏ కాగితం ఏమిటో జాబితాలో రాయలేం కాబట్టి అన్నీ చదువుతాం. చదివి మరిచిపోవడం ఈ ఉద్యోగంలో సగం పని. ఆ ఫైలు మాత్రం నాకు మరుపు రాలేదు.

"రోగుల ఫైళ్లు మూసి ఉంచామండీ. ఇంకా ఇరవై ఆరేళ్ల దాకా ఎవరికీ చూపించం" అన్నాను.

"అప్పటికి నాకు తొంభై ఏడు. వస్తాలెండి, ఈ కుర్చీ అట్టే పెట్టండి" అంది. తర్వాత నవ్వు ఆగిపోయింది. "తోడబుట్టినదానికైనా చూపించరా అమ్మా?"

చూపించరు అని ఒక్క మాట అంటే సరిపోయేది. నోరు రాలేదు. దరఖాస్తు పెడితే మా డైరెక్టరు గారు, ఆ కాగితాలు మాకిచ్చిన డాక్టరు గారి అబ్బాయి ఒప్పుకోవాలని చెప్పాను. ఆవిడ అక్కడే కూర్చుని దరఖాస్తు రాసింది. గుండ్రటి అక్షరాలు, ముత్యాల్లా ఉన్నాయి. నేను అటు చూడలేకపోయాను.

అనుమతి రావడానికి మూడు నెలలు పట్టింది. ప్రతి మంగళవారం వచ్చి అడిగేది. రానురాను నన్ను "నువ్వు" అనడం మొదలుపెట్టింది, నేను పిన్నిగారూ అనడం మొదలుపెట్టాను. ఒకరోజు ఉండబట్టలేక అన్నాను.

"పిన్నిగారూ, తేదీ ఒక్కటీ చీటీ మీద రాసిస్తాను. ఆ ఫైలంతా మీకెందుకండీ?"

ఆవిడ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"తేదీ అని అబద్ధం చెప్పాను" అంది. "వాడికి పద్దెనిమిదో ఏట మొదలైంది. ఎవరో పిలుస్తున్నారని వీధుల్లోకి పరిగెత్తేవాడు. నాన్న తీసుకెళ్లి ఆసుపత్రిలో చేర్చాడు. అమ్మ అప్పటికే లేదు. ఏడాది తిరిగాక డాక్టరు ఉత్తరం రాశాడు, పిల్లాడు బాగున్నాడు, వచ్చి తీసుకెళ్లండి అని. అప్పటికి నా పెళ్లి ఖాయమైంది. మగపెళ్లివారికి నేను ఒక్కదాన్నే సంతానమని చెప్పాం. నాన్నకి చేతులు వణికేవి, అందుకని జవాబు నేనే రాశాను. తీసుకెళ్లలేమని. ఆ ఉత్తరం వాడి కంట పడిందా లేదా? నాకు కావలసింది అంతే. డాక్టరు చదివి చింపేసి ఉంటాడనుకుంటూ నలభై తొమ్మిదేళ్లు నెట్టుకొచ్చాను."

నీళ్లు తెస్తానని లేచి వెళ్లి, పెట్టెల మధ్య కాసేపు నిలబడి వచ్చాను.

అనుమతి వచ్చిన రోజు కిటికీ పక్క బల్ల ఇచ్చాను. ఫైలు ముందు పెట్టి, ఎదురుగా కూర్చున్నాను. చూసేవాళ్లని కనిపెట్టుకుని అలా కూర్చోవడం కూడా రూలే, ఆ రోజు మాత్రం లేచి వెళ్లిపోగలిగితే బాగుండుననిపించింది.

ఆవిడ కళ్లద్దాలు తుడుచుకుని ఒక్కో కాగితం తిప్పింది. నాలుగో కాగితం దగ్గర ఆగింది. మడతల మీద చిరిగి, మూలలు నలిగి నల్లబడ్డ ఉత్తరం. చాలాకాలం జేబులో మోసిన కాగితం ఎలా ఉంటుందో అలా ఉంది. దాని కిందే డాక్టరు రాసుకున్న పేజీ.

"ఇంటి నుంచి జాబు వచ్చింది. కవరు బల్ల మీద వదిలేయడం నా పొరపాటు. కుర్రాడు చూసి, మా అక్క రాత, మా అక్క రాత అని వార్డంతా వినపడేలా అరిచాడు. ఇవ్వనంటే ఊరుకోలేదు. ఇచ్చాను. చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. ఏమీ అడగలేదు."

మరో పేజీ. "మూడు రోజులుగా అన్నం ముట్టడం లేదు."

తర్వాత పదకొండేళ్ల రాతలు తొమ్మిది పేజీల్లో ఉన్నాయి. వంటగదిలో పనికి కుదిరాడు. ఎవరితోనూ గొడవ లేదు. ఇంటి ఊసెత్తడు. పంపేద్దామంటే తీసుకెళ్లేవారు లేరు. చివరి కాగితం మరణం తాలూకు ఫారం. కారణం ఊపిరితిత్తుల జబ్బు. బంధువులు అన్న చోట, లేరు అని ఉంది.

ఆవిడ ఆ మాట మీద వేలు పెట్టింది. కాగితాన్ని తాకకూడదని నేను చెప్పలేదు.

"సరిగ్గానే రాశారు" అంది.

"పిన్నిగారూ, అప్పుడు మీకు ఇరవై రెండేళ్లు. మీ నాన్నగారు చెబితే..."

"నాన్న చెప్పలేదు."

నాకు అర్థం కాలేదు.

"నాన్న ఆర్నెల్లు ఆగమని రాయమన్నాడు. పెళ్లి కానిచ్చి, నేనే వచ్చి తీసుకెళతాను, పిల్లాడికి చెప్పండి అని. నేను రాసింది ఇదీ." ఉత్తరం నా వైపు తిప్పింది. నేను ఎన్నోసార్లు చదివిందే. అతన్ని మేము తీసుకెళ్లలేము, ఇకమీదట మాకు ఉత్తరాలు రాయవద్దు. "నా మీద నమ్మకం, చదవకుండానే సంతకం పెట్టాడు. డాక్టరు జవాబు ఎందుకు రాయలేదో అని పోస్టుమాన్ వచ్చినప్పుడల్లా గుమ్మంలోకి వెళ్లేవాడు. అయిదో నెలలో గుండె ఆగి పోయాడు."

"తర్వాత..."

"తర్వాత వెళ్లొచ్చుగా అనా? మావారికి ఏమని చెప్పను? ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను. పిల్లలు పుట్టారు. ఆయనా పోయారు. ఇంక చెప్పడానికి ఎవరూ మిగల్లేదు."

కాపీ తీసి ఇమ్మంటారా అని అడిగాను. వద్దంది. నోటికొచ్చు అంది.

లేవబోతూ జాబితా అడిగింది. ఆ ఉత్తరానికి ఎదురుగా, రాసినవారు తండ్రి అని నేనే వేశాను, కింద ఆయన సంతకం ఉంది కదా అని.

"ఇది మార్చు" అంది. "అక్క అని రాయి."

"తండ్రి తరఫున అక్క అని రాస్తాను."

"ఆయన్నెందుకు ఇరికిస్తావు? అక్క అని రాయి, చాలు."

ఆవిడ చూస్తుండగానే కొట్టేసి రాశాను.

ఆ తర్వాత మూడు మంగళవారాలు వచ్చింది. ఫైలు అడిగి తీసుకుని, విప్పకుండా ముందు పెట్టుకుని, మధ్యాహ్నం దాకా కూర్చుని వెళ్లిపోయేది. నాతో మాట్లాడలేదు. నాలుగో మంగళవారం రాలేదు. ఆ శుక్రవారం నలభై అయిదేళ్ల ఆవిడ ఒకరు విసవిసా లోపలికి వచ్చారు. ముక్కు, నుదురు అన్నీ పిన్నిగారివే.

"డబ్బాలమ్మ అంటే మీరేనా? మా అమ్మకి మీరేం చూపించారు?"

కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"పది రోజులుగా నోరు విప్పడం లేదు. అన్నం ముందు పెడితే పళ్లెం పక్కకి జరుపుతుంది. డాక్టరు ఒంట్లో ఏమీ లేదంటున్నాడు. సంచీలో మీ లైబ్రరీ చీటీలు దొరికాయి. ఎవరి కాగితాలవి?"

"చెప్పకూడదండీ. మూసిన ఫైలు."

"ఎవరిదో మూసిన ఫైలు మా అమ్మకెందుకిచ్చారు?"

"దగ్గరి బంధువు కాబట్టి."

ఆమె మొహంలో కోపం పోయి, దారి తప్పిన చూపు మిగిలింది. "మా అమ్మకి బంధువులేంటండీ? తనకి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఎవరూ లేరు. ఒక్కతే కూతురు."

ఆ ముక్క ఎన్నేళ్లుగా వింటూ పెరిగిందో, అంత నమ్మకంగా అంది. నాలుక చివరి దాకా వచ్చిన మాట మింగేశాను. రూలు కోసమే మింగానని చెప్పుకున్నాను.

"మీ అమ్మగారినే అడగండి" అన్నాను.

"అడిగితే చెబుతుందంటారా?"

చెప్పదనే అనిపించింది నాకు. ఆ మాట అనకుండా తలుపు దాకా ఆమెతో నడిచాను.